ఆధార్ ఆంధ్రాలో, పని రాయగడలో: లైసెన్సుకి ఏ కాగితాలు కావాలి?

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను తమ్ముడూ. సొంతూరు పార్వతీపురం దగ్గర పల్లె, రాయగడ వచ్చి ఏడాదిన్నర, ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు పని, వయసు 26, బండి నడపడం వచ్చు గానీ లైసెన్సు లేదు, ఆధార్‌లో ఇంకా ఊరి అడ్రసే ఉంది. ఒక బ్రోకరు "ఒడిశా అడ్రసు సంగతి నేను చూసుకుంటా, 6 వేలు ఇవ్వు" అంటున్నాడు, ఇవ్వాలా వద్దా, అసలు పక్క రాష్ట్రం నుంచి వచ్చినవాడికి ఇక్కడ ఏ కాగితాలు కావాలి అని అడిగావు. అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

బ్రోకరుకి ఇవ్వకు. నువ్వు సరిచూసుకోవలసిన కాగితాలు గట్టిగా లెక్కేస్తే నాలుగు, టెన్త్ మెమో, ఆధార్, ఓటరు కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు. అందులో మూడు నీ దగ్గర ఈపాటికే ఉండి ఉంటాయి. చిక్కంతా ఆ నాలుగింట్లోనూ నువ్వు ఒకే మనిషిలా కనిపించకపోవడం వల్ల వస్తుంది. మనవాళ్ళ దరఖాస్తులు వెనక్కి రావడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, వాటిలో కాగితం లేక వెనక్కి వచ్చినవి తక్కువ, పేరు దగ్గరో అడ్రసు దగ్గరో తేడా వచ్చి తిరిగొచ్చినవే ఎక్కువ.

నా గురించి ఒక్క ముక్క. రాయగడలో డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టి 17 ఏళ్ళు దాటింది, అంతకుముందు విశాఖ లైనులో లారీ తోలాను. మా నాన్న బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. నా దగ్గర నేర్చుకునేవాళ్ళలో సగంమంది శ్రీకాకుళం, విజయనగరం, మన్యం జిల్లాల నుంచి పని కోసం వచ్చినవాళ్ళే. గుణుపురం, పర్లాకిమిడి వైపు పెళ్ళయి వచ్చిన ఆడపిల్లలు కూడా ఈ మధ్య స్కూటీ కోసం బాగానే వస్తున్నారు.

మొట్టమొదట మనసులోంచి తీసెయ్యవలసింది, "మనం ఒడిశావాళ్ళం కాదు కదా, ఇస్తారా" అనే భయం. మోటారు వాహనాల చట్టం, 1988 నాటిది, నువ్వు ఎక్కడ పుట్టావని అడగదు. మామూలుగా ఎక్కడ ఉంటున్నావు, లేదా ఎక్కడ వ్యాపారం చేసుకుంటున్నావు, అంతే అడుగుతుంది. 2019 సవరణ తర్వాత ఆ రాష్ట్రంలో ఏ లైసెన్సింగ్ ఆఫీసులోనైనా పెట్టుకోవచ్చు, నీ పేటకి సంబంధించిన ఆఫీసే కానక్కర్లేదు. ఇక్కడ చాలామంది తహసీల్దారు ఇచ్చే రెసిడెంట్ సర్టిఫికెట్ కోసం తిరిగి తిరిగి అలిసిపోతారు, దానికి భూమి పట్టా చూపించమంటారు, అద్దెకున్నవాడికి పట్టా ఎక్కడిది? లైసెన్సుకి అది అక్కర్లేదు, దాని జోలికి పోకు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 4వ నియమం చదివితే వయసుకీ అడ్రసుకీ ఏవి పనికొస్తాయో ఉంటుంది: ఆధార్, ఓటరు జాబితా, పాస్‌పోర్టు, ఎల్‌ఐసీ పాలసీ, ప్రభుత్వ ఆఫీసు జీతం స్లిప్పు, స్కూలు సర్టిఫికెట్, పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఇలా. ఇవేవీ చూపించలేని పరిస్థితి ఉంటే, తగిన కారణం చెబితే, మేజిస్ట్రేటు ముందో నోటరీ ముందో చేసిన అఫిడవిట్ తీసుకునే వీలు కూడా అందులోనే ఉంది. కాకపోతే అది ఆఫీసరు ఒప్పుకుంటేనే. చివరి దారిగా ఉంచుకో.

ఇప్పుడు అసలు నిర్ణయం. లైసెన్సు ఒడిశా అడ్రసుతో తీసుకుంటావా, ఊరి అడ్రసుతో తీసుకుంటావా? ఇది నువ్వు అడగలేదు, కానీ మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది. లైసెన్సు ఏ రాష్ట్రంలో తీసుకున్నా దేశమంతా చెల్లుతుంది, చట్టం 13వ సెక్షన్‌లో ఆ మాట ఉంది. ఆంధ్రాలో తీసుకున్న లైసెన్సుతో రాయగడలో బండి నడిపితే ఎవరూ ఏమీ అనలేరు. ఒడిశా అడ్రసు కావాలంటే మాత్రం ఆధార్‌లో అడ్రసు మార్చుకోవడమే సుఖం, ఎందుకంటే లైసెన్సుల కోసం ప్రభుత్వం పెట్టిన సారథి పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో దరఖాస్తు చేస్తే పేరు, పుట్టిన తేదీ, అడ్రసు, ఆఖరికి ఫోటో కూడా ఆధార్ నుంచే వచ్చి కూర్చుంటాయి, నువ్వు అక్కడ ఒక్క అక్షరం మార్చలేవు. పదేళ్ళ కిందటి ఆధార్ ఫోటోలో మీసం కూడా రాని పిల్లాడిలా ఉంటావే, ఎల్‌ఎల్‌ఆర్ మీద, అంటే టెస్టుకి ముందు ఇచ్చే లెర్నర్ లైసెన్సు మీద, అదే వస్తుంది. నవ్వుకోవడమే.

ఆధార్ అడ్రసు మార్చడానికి మనవాళ్ళు ఎందుకు జంకుతారో నాకు తెలుసు. ఊళ్ళో బియ్యం కార్డు ఉంటుంది, అమ్మకి పింఛను వస్తూ ఉంటుంది, సచివాలయంలో కుటుంబం అంతా ఒకే ఇంటి కింద నమోదై ఉంటుంది, నువ్వు ఒడిశా వాడివి అయిపోతే ఏ పథకం ఎక్కడ ఆగుతుందో అని టెన్షన్. రేషన్ బియ్యం వరకు వన్ నేషన్ వన్ రేషన్ కింద వేరే రాష్ట్రంలోనూ వేలిముద్ర వేసి తీసుకోవచ్చు, కానీ రాష్ట్రం ఇచ్చే పథకాల సంగతి వేరు. నా సలహా ఏమిటంటే, మార్చడానికి ముందు ఊరి సచివాలయానికి ఒక్కసారి వెళ్ళి నీ పేరు ఏయే పథకంలో ఉందో కనుక్కో. ఏమీ లేకపోతే హాయిగా మార్చుకో. ఉంటే, రాయగడలో నిన్ను ఎవరూ తరమట్లేదు, పార్వతీపురం రైలు ఎక్కి ఆధార్ అడ్రసుతోనే అక్కడ ఎల్‌ఎల్‌ఆర్ తీసుకో, టెస్టుకి ఇంకోసారి వెళ్ళు. రెండు సెలవులు పోతాయి. ఏడాది రెండేళ్ళలో ఊరికి తిరిగి వెళ్ళిపోయేవాళ్ళకి నేను ఎప్పుడూ ఇదే చెబుతాను.

ఒడిశా అడ్రసుకే మారాలనుకుంటే నీకు వచ్చే మొదటి అడ్డంకి ఇంటి ఓనరు. కరెంటు బిల్లు ఓనరు పేరు మీద ఉంటుంది, అది నీకు పనికిరాదు, కాగితం నీ పేరు మీద ఉండాలి. కాబట్టి అద్దె అగ్రిమెంటు కావాలి. 11 నెలలకి రాయించుకో, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అవుతుంది, అందుకే ఎక్కడ చూసినా ఆ 11 నెలల లెక్క. స్టాంపు పేపరు ఇక్కడే, ఒడిశాలోనే కొనాలి. ఊరు నుంచి వస్తూ వస్తూ పార్వతీపురంలో కొని తెచ్చినవాళ్ళు ఉన్నారు, చెత్తబుట్టలో వేసినట్టే. ఓనరు సంతకం పెట్టను అంటే కోప్పడకు. అతనికి పన్ను భయం ఉండొచ్చు, లేదా ఆ ఇంటి కాగితాలే తిన్నగా ఉండకపోవచ్చు. ఇదంతా షెడ్యూల్డ్ ఏరియా, ఆదివాసీల భూమి ఇతరులకి మారకుండా 1956 నాటి రెగ్యులేషన్ ఒకటి ఉంది, అందువల్ల కొన్ని పేటల్లో ఇల్లు ఒకరి పేరున, నేల ఇంకొకరి పేరున ఉంటాయి. అలాంటి ఓనరు కోర్టు కాగితం అంటేనే ఆమడ దూరం పరిగెడతాడు.

అప్పుడు ఇంకో దారి ఉంది. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో ఒక సర్టిఫికెట్ నమూనా ఉంటుంది, నీ ఫోటో అంటించి, మీ వార్డు కౌన్సిలరు చేతో, పల్లె అయితే సర్పంచి చేతో, లేదా గెజిటెడ్ ఆఫీసరు చేతో సంతకం, ముద్ర వేయించుకోవాలి. ఒక చిట్కా, ముద్ర సగం ఫోటో మీద, సగం కాగితం మీద పడేలా వేయించు. తేదీ వేయడం మరిచిపోతే పనికిరాదు, వేసిన తేదీ నుంచి 3 నెలలే చెల్లుతుంది. లోకల్ బ్యాంకు బ్రాంచిలో ఖాతా తెరిచి ఫోటో ఉన్న పాస్‌బుక్కు మీద ముద్ర వేయించుకున్నా నడుస్తుంది. కానీ బ్యాంకువాడు ఖాతా తెరవడానికి మళ్ళీ అడ్రసు ప్రూఫు అడుగుతాడు, కోడి ముందా గుడ్డు ముందా అన్నట్టు తిరుగుతావు, కౌన్సిలరు సంతకమే దగ్గరి దారి.

పెళ్ళయి వచ్చిన ఆడపిల్లలకి దీనికంటే తేలిక. భర్త ఆధార్‌లో ఇక్కడి అడ్రసు ఉంటే చాలు, కుటుంబ పెద్ద ఆధారంగా అడ్రసు మార్చుకునే వీలు 2023 నుంచి ఆన్‌లైన్‌లోనే ఉంది. భార్య దరఖాస్తు పెడుతుంది, భర్త ఫోనుకి మెసేజ్ వస్తుంది, 30 రోజుల్లోపు అతను ఒప్పుకోవాలి, లేకపోతే అది రద్దయిపోతుంది. గుణుపురం నుంచి ఒక చెల్లెమ్మ మూడుసార్లు పెట్టింది పాపం, మూడుసార్లూ రద్దయింది. ఆయనకి మెసేజ్‌లు చూసే అలవాటు లేదు! నాలుగోసారి ఫోను లాక్కుని తనే నొక్కింది. ఇంకో మాట, పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని చట్టం ఎక్కడా లేదు. పుట్టింటి ఇంటిపేరుతోనే టెన్త్ మెమో ఉంది కాబట్టి ఆధార్‌లో కూడా అదే ఉంచి, అడ్రసు ఒక్కటే మార్చుకోండమ్మా అని చెబుతాను. ఇంటిపేరు కూడా మార్చేశారంటే, మెమోలో ఒక మనిషి, ఆధార్‌లో ఒక మనిషి, మధ్యలో పెళ్ళి సర్టిఫికెట్ ఒకటి పట్టుకు తిరగాలి.

పేరు దగ్గరికి వచ్చాం కదా, ఇక్కడ కాసేపు ఆగుతాను.

మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఒడియావాళ్ళు పేరు ముందు, ఇంటిపేరు వెనక. మన టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఓటరు కార్డులో పొడి అక్షరం ఒక్కటే ఉంటుంది, ఆధార్‌లో ఒక్కోసారి ఇంటిపేరు వెనక్కి పోయి ఉంటుంది, పాన్ కార్డులో ఇంకోలా ఉంటుంది. ఊళ్ళో ఇవన్నీ చూసే క్లర్కు కూడా తెలుగువాడే కాబట్టి "ఓహో, ఇంటిపేరు" అని అర్థం చేసుకుంటాడు. ఇక్కడ ఆ అలవాటు లేదు, వాళ్ళ తప్పూ కాదు. ఇంటిపేరు ముందున్న అప్పలనాయుడినీ, వెనకున్న అప్పలనాయుడినీ వాళ్ళు ఇద్దరిగా చూస్తారు, చూడాలి కూడా.

దీనికి తోడు లిపి. ఒడియాలో మన 'వ' లేదన్నట్టే, వాళ్ళు దాన్ని 'భ' తోనో 'బ' తోనో రాస్తారు. వెంకటరావు అనే పెద్దమనిషి అగ్రిమెంటు రాయించుకోవడానికి టైపు చేసేవాడి దగ్గర కూర్చుని నోటితో పేరు చెప్పాడు. అతను ముందు ఒడియాలో రాసుకుని, తర్వాత దాన్ని చూసి ఇంగ్లీషులో కొట్టాడు. వెంకటరావు కాస్తా భెంకట రావు అయ్యాడు. సింహాచలం సింఘాచలం అవుతాడు, వాళ్ళకి సింహం అంటే సింఘమే మరి. ఇద్దరూ నా దగ్గరికి వచ్చిన మనుషులే, నవ్వొచ్చినా పని ఆగిపోయింది, అగ్రిమెంటు మళ్ళీ రాయించాల్సి వచ్చింది. అందుకే నేను కుర్రాళ్ళకి చెప్పేది, ఎక్కడికి వెళ్ళినా పేరు నోటితో చెప్పకండి, టెన్త్ మెమో జెరాక్సు ముందు పెట్టి "ఇందులో ఎలా ఉందో అలా, అక్షరం పొల్లుపోకుండా కొట్టు" అనండి, కొట్టాక ప్రింటు తీసేలోపు స్క్రీను మీద ఒక్కో అక్షరం వేలు పెట్టి చదవండి. మొహమాటం వద్దు.

కాబట్టి నువ్వు ఈ వారం చేయవలసిన పని ఇదీ. టెన్త్ మెమో, ఆధార్, ఓటరు కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు నాలుగూ పక్కపక్కన పెట్టుకుని ఒక తెల్ల కాగితం మీద నీ పేరు, నాన్న పేరు, పుట్టిన తేదీ ఏ కాగితంలో ఎలా ఉన్నాయో రాసుకో. మెమోని ప్రమాణంగా పెట్టుకో, దాన్ని మార్చడం బ్రహ్మప్రళయం. మిగతావి దానికి తగ్గట్టు సరిచేసుకో. ఆధార్‌లో పేరు మార్చే అవకాశం జీవితంలో రెండుసార్లే, పుట్టిన తేదీ అయితే ఒక్కసారే, అడ్రసుకి మాత్రం పరిమితి లేదు. అందుకే తొందరపడి తప్పు పేరుతో సవరణ పెట్టకు, ఉన్న రెండు అవకాశాల్లో ఒకటి పోతుంది.

వయసు దగ్గర నీకు ఇబ్బంది ఉండదు, మెమో ఉంది. నీతోపాటు పనికి వచ్చిన పెద్దవాళ్ళలో బడికి పోనివాళ్ళు ఉంటారు, వాళ్ళ ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటుంది, నమోదు చేసిన రోజు ఎవరో వయసు అడిగి సంవత్సరం లెక్కేసి పెట్టేశారు. వాళ్ళకి సివిల్ సర్జన్ స్థాయికి తగ్గని డాక్టరు వయసు గురించి ఇచ్చే సర్టిఫికెట్ కూడా ఆ 4వ నియమంలో ఉంది. చదువు లేదని ఆగిపోవక్కర్లేదు. రవాణా బండి లైసెన్సుకి ఒకప్పుడు 8వ తరగతి ఉండాలనేవారు, 2019లో ఆ నియమమే తీసేశారు. ఇప్పటికీ "ఎయిత్ పాస్ సర్టిఫికెట్ తెప్పిస్తాను, 3 వేలు" అనే బ్రోకర్లు కనిపిస్తే, వాళ్ళకి చట్టం తెలియదో, నీకు తెలియదని తెలుసో.

ఇంకో చిన్న మేకు లాంటి విషయం, ఫోను నంబరు. పని కోసం వచ్చినవాళ్ళు సిమ్ మార్చేస్తారు, ఆధార్‌కి పాత నంబరే ఉంటుంది, ఓటీపీ ఎవరికో పోతుంది. ఆధార్ సెంటర్‌కి వెళ్ళి వేలిముద్ర వేసి కొత్త నంబరు ఎక్కించుకో, దానికి ఏ కాగితమూ అక్కర్లేదు. ఇది ముందు చెయ్యి, అడ్రసు తర్వాత.

ఇక దరఖాస్తు. సారథిలో ఒడిశా ఎంచుకుని ఎల్‌ఎల్‌ఆర్‌కి పెట్టుకో. ఫారం 1 అంటే నాకు మూర్ఛలు లేవు, కళ్ళు కనిపిస్తాయి అని నువ్వే ఇచ్చే హామీ. 40 దాటినవాళ్ళకీ, రవాణా బండికి పెట్టేవాళ్ళకీ డాక్టరు సంతకంతో ఫారం 1ఎ. ఫారం 2 అసలు దరఖాస్తు, అందులో చనిపోతే అవయవాలు దానం చేస్తావా అని ఒక గడి ఉంటుంది, చాలామంది చదవకుండా టిక్కు పెట్టేస్తారు, చదివి పెట్టు. బ్లడ్ గ్రూపు తెలియకపోతే ముందే పరీక్ష చేయించుకో, ఊహించి రాయకు, ఆ కార్డు చూసే రోజు వస్తే అది మంచి రోజు కాదు. ఫీజు కేంద్రం నియమం ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్‌కి 150, దాని పరీక్షకి 50, డ్రైవింగ్ టెస్టుకి 300, లైసెన్సుకి 200. ఒక రకం బండికి 700 అయింది. బైకూ కారూ రెండూ కావాలంటే వెయ్యి పైచిలుకు, రాష్ట్రం వేసే ఛార్జీలు కొంత అదనం. ఆ 6 వేలు ఎక్కడికి పోతాయో నువ్వే లెక్క వేసుకో. పరీక్షలో 60 శాతం రావాలి. నేను రాయించిన మనవాళ్ళంతా హిందీలోనో ఇంగ్లీషులోనో రాశారు, గుర్తులు బాగా చూసుకుంటే భాష సగం అడ్డు తొలగిపోతుంది. ఎల్‌ఎల్‌ఆర్ 6 నెలలు ఉంటుంది, వచ్చిన 30 రోజుల తర్వాతే టెస్టు.

నీ ప్రశ్న కిందే బరంపురం నుంచి ఒకాయన అడిగారు, ఇచ్ఛాపురంలో ఉన్నప్పుడు తీసుకున్న పాత బుక్కు లైసెన్సు ఉంది, ఇక్కడ కొత్తది తీసుకోవచ్చా అని. తీసుకోకూడదండి. ఒక మనిషికి ఒక్కటే లైసెన్సు, 6వ సెక్షన్. మీది చెల్లుబాటులో ఉంటే ఏమీ చేయనక్కర్లేదు, కావాలంటే అడ్రసు మార్పుకి పెట్టుకోండి. పాత బుక్కు వివరాలు సారథిలో కనిపించకపోతే మాత్రం, ఇచ్చిన ఆఫీసుకే వెళ్ళి ఆన్‌లైన్‌లో ఎక్కించుకోవాలి, బ్యాక్‌లాగ్ అంటారు. గడువు ఎప్పుడో కూడా చూసుకోండి. గడువు తీరడానికి ఏడాది ముందు నుంచి తీరిన ఏడాది తర్వాత వరకే రెన్యువల్, అది కూడా దాటితే మళ్ళీ టెస్టు.

ఆ టెస్టు రుచి నాకు తెలుసు. నా లైసెన్సు గడువు నేనే మరిచిపోయాను, రోజూ పదిమంది లైసెన్సులు చూసే మనిషిని, నాది జేబులో మడిచి పెట్టి ఏడాదిన్నర దాటించేశాను. 47 ఏళ్ళ వయసులో, నేను నేర్పిన కుర్రాళ్ళ వెనక వరసలో నిలబడి బైకు ట్రాకు ఎక్కాను. 8 ఆకారంలో తిప్పేటప్పుడు రెండో మలుపులో కాలు కింద పెట్టేశాను. పెట్టానని నాకే తెలియలేదు, వెనక నుంచి ఒకడు "గురూ, కాలు!" అని అరిస్తే చూసుకున్నాను. ఆ రోజు ఫెయిలు. వారం తర్వాత మళ్ళీ వెళ్ళాను, ఈసారి కుర్రాళ్ళు లేని పూట చూసుకుని.

పికప్‌లు, టాటా ఏస్‌లు నడిపేవాళ్ళ కోసం ఒక్క విషయం, మీ కాంట్రాక్టరు దగ్గర ఉన్నారు కదా. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది, మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా బండిని కార్ల లాంటి తేలికపాటి బండ్లకి ఇచ్చే మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపొచ్చని. అంతకంటే పెద్ద బండ్లకి వేరే లైసెన్సు, దానికి 20 ఏళ్ళు నిండాలి, ఎల్‌ఎంవీ ఏడాదైనా ఉండాలి, మెడికల్ ఉండాలి, అయిదేళ్ళకోసారి రెన్యువల్.

లైసెన్సు వేరు, బండి వేరు, ఇది కలిపేయకు. నీ బైకు ఆంధ్రా నంబరుది అన్నావు. 12 నెలలు దాటి ఇక్కడే ఉంటే దానికి ఇక్కడి నంబరు వేయించుకోవాలి, అక్కడి ఆఫీసు నుంచి తమకి అభ్యంతరం లేదనే కాగితం, ఎన్‌వోసీ, ఫారం 28, తెచ్చుకుని. నీకు ఏడాదిన్నర అయింది కదా. అదొక పెద్ద కథ, విడిగా అడుగు, రాస్తాను.

నువ్వు రాసిన దాంట్లో "పరాయి రాష్ట్రంలో ఇమిగ్రెంట్ లాగా అయిపోయింది నా బతుకు" అన్న మాట చదివి మా అన్నయ్య కొడుకు గుర్తొచ్చాడు. వాడు అమెరికాలో ఉద్యోగం. అక్కడ లైసెన్సుకి పాస్‌పోర్టు, వీసా, దేశంలోకి వచ్చినట్టు చూపించే ఐ-94 రికార్డు, అడ్రసుకి రెండు రుజువులు పట్టుకెళ్ళాడట, ఇంటి లీజు ఒకటి, బ్యాంకు స్టేట్‌మెంటు ఒకటి. లైసెన్సు గడువు కూడా వీసా ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళే ఇచ్చారు. వాడికీ ఇంటిపేరు గొడవే, పాస్‌పోర్టులో ఒకలా, లీజులో ఒకలా. నీకు అలా కాదు. నీది 30 లోపు వయసు, కాబట్టి లైసెన్సు 40 ఏళ్ళు నిండేదాకా ఇస్తారు, ఏ రాష్ట్రం వాడివైనా సరే. మనం ఇక్కడ పరాయివాళ్ళం అనుకోవడమే తప్ప చట్టం అనుకోవట్లేదు.

బ్రోకరు సంగతి చెప్పి ఆపుతాను. అడ్రసు తను చూసుకుంటానన్నాడంటే ఏం చేస్తాడు? నువ్వు ఎప్పుడూ చూడని ఇంటికి, నీకు తెలియని ఓనరు పేరుతో, దొంగ అగ్రిమెంటు ఒకటి పుట్టిస్తాడు. కింద సంతకం నీది. తప్పు వివరాలతో తీసుకున్న లైసెన్సుని రద్దు చేసే అధికారం ఆఫీసుకి 19వ సెక్షన్ కింద ఉంది. అంతకంటే పెద్ద భయం యాక్సిడెంటు. పెద్ద క్లెయిమ్ వస్తే ఇన్సూరెన్సువాళ్ళు లైసెన్సు పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వుతారు, అందులో లొసుగు దొరికితే బాధితుడికి డబ్బు కట్టేసి, ఆ మొత్తం బండి ఓనరు దగ్గర వసూలు చేసుకుంటామని కోర్టుకి వెళతారు. లైసెన్సు లేకుండా దొరికితే జరిమానా 5 వేలు, అది కూడా తక్కువేం కాదు, కాబట్టి కాగితాలు తేలేదాకా బండి పక్కన పెట్టి నడిచో, ఎవరి వెనకో కూర్చునో పనికి వెళ్ళు.

ఆదివారం కూర్చుని ఆ నాలుగు కాగితాలూ పక్కపక్కన పెట్టి రాసుకో. పేర్లు కలవకపోతే ఏది ఎలా ఉందో ఇక్కడే రాయి, నంబర్లు మాత్రం పెట్టకు, పేర్లలో తేడా ఒక్కటే చెప్పు. ఏది ముందు మార్చాలో చూసి చెబుతాను. నీకు టైపు చేసేవాడు దొరక్కపోతే బజారులో ఎవరినైనా అడుగు, కానీ మెమో జెరాక్సు జేబులో పెట్టుకుని వెళ్ళు.